ఎగ్ దీవిలో ఐదు కిలోవాట్ల లెక్క
స్కాట్లాండ్‌లోని ఎగ్ దీవి పాలన మీద వచ్చిన డాక్యుమెంటరీ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ 1997లో దీవి జనం చందాలు పోగేసి, సుమారు 15 లక్షల పౌండ్లకు జమీందారు చేతి నుంచి దీవిని ట్రస్టు పేరిట కొనుక్కున్న దగ్గరే మీరు ఆగిపోయారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. 2008 నుంచి గాలి, నీరు, ఎండలతో కరెంటు వాళ్లే తయారు చేసుకుంటున్నారు. ఇంటికి ఒక్కసారిగా 5 కిలోవాట్లే వాడాలి, దాటితే సప్లై కట్. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే కెటిల్ పెట్టేముందు మీటర్ వైపు ఓ చూపు చూడాల్సిందే. మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఖర్చు పంచుకోవడానికే మూడు మీటింగులయ్యాయి, ఇంకా తేలలేదు! వంద చిల్లర జనంలో, రోజూ పడవ దగ్గర ఎదురుపడే మనిషికి 'కుదరదు' అని ఎలా చెబుతారో, అది ఆ డాక్యుమెంటరీలో చూపించారా?