సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొనేముందు డిప్‌స్టిక్ ఒక్కసారి బయటికి తీసి చూడండి

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన 2020 మోడల్ డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ ఫొటోలు పెట్టి, సన్‌రూఫ్ ఉంది, సింగిల్ ఓనర్, నలభై వేలే తిరిగింది, ఏడున్నర లక్షలకి ఇస్తానంటున్నారు, తీసుకోమంటారా అని అడిగారు. పది నిమిషాల్లో ఇరవై థమ్స్ అప్‌లు. మీ ఆఫీసు ఎంత దూరం అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదండీ. నేను కొన్నప్పుడు కూడా నన్నెవరూ ఆ మాట అడగలేదు, నేనూ ఆలోచించలేదు, ఏడాదిలో లక్ష పైన పోయింది. అందుకే ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

2024 లో కొన్నా. అందులో రెండు లక్షలు అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు, అందుకే ఇంకా బాధ. నిజాంపేట నుంచి మాదాపూర్ ఆఫీసుకి పొద్దున పోవడానికి దగ్గర దగ్గర గంట, సాయంత్రం ఇంకో గంట, జేఎన్‌టీయూ దగ్గర థర్డ్ గేర్ పడితే ఆ రోజు ట్రాఫిక్ లేనట్టే. మూడు నెలలు బాగానే ఉంది. తర్వాత ఒకరోజు డ్యాష్‌బోర్డ్ మీద ఆరెంజ్ లైట్ వెలిగింది, బండికి పికప్ పోయింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముందుకి లాగట్లేదు.

మూసాపేటలో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన స్కానర్ పెట్టకముందే బానెట్ లేపి డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి నా ముందు పట్టుకున్నాడు. ఆయిల్ పై గీత దాటి వేలెడంత పైకి ఉంది. "ఆయిల్ తగ్గుడు జూసినవ్ గదన్నా, పెరుగుడు ఎప్పుడన్న జూసినవా? వాసన జూడు" అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ కంపు.

విషయం ఏంటంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ కాలుష్యం రూల్ వచ్చాక డీజిల్ కార్లకి పొగలో మసి పట్టుకునే ఫిల్టర్ ఉంటోంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసి లోపలే పేరుకుంటూ ఉంటుంది, బాగా వేడెక్కినప్పుడు కాలిపోయి ఫిల్టర్ ఖాళీ అవుతుంది. అంత వేడి రావాలంటే ఆపకుండా ఒక పదిహేను ఇరవై నిమిషాలు మంచి స్పీడులో పోవాలి. మనం కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పాకుతుంటే ఆ వేడెక్కడ్నుంచి వస్తుంది? చాలా బళ్లలో ఇంజినే ఎక్స్‌ట్రా డీజిల్ కొట్టి కాల్చడానికి ట్రై చేస్తుంది, అది సగంలో ఉండగా మనం ఆఫీసు వచ్చేసిందని ఇంజిన్ ఆపేస్తాం, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీద నుంచి కిందకి జారి ఆయిల్‌లో కలుస్తుంది. రోజూ ఇదే. ఆయిల్ పల్చబడిందంటే టర్బోకి (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టేది), బేరింగులకి సరైన తడి ఉండదు. అంటే ఫిల్టర్‌తో మొదలైన జబ్బు ఇంజిన్ దాకా పోతుంది. నాకు ఫిల్టర్ క్లీనింగ్‌కి, ఆయిల్ మార్చడానికి కలిపి 14,000 అయింది. ఆ ఫిల్టరే పాడైపోయి కొత్తది వేయాలంటే లక్ష దాటుతుందని అదే రోజు తెలిసింది.

ఇప్పుడు ఆ మసి కాలడానికి ప్రతి ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి, గేర్ కొంచెం తక్కువలో పెట్టి అరగంట నడిపి వస్తున్నా. ఊరికే టోల్, ఊరికే డీజిల్.

అదే రోజు ఆ మెకానిక్ ఇంకోటి కూడా చూపించాడు. మీటర్ మీద 46,000 ఉంది. ఆయన బ్రేక్ పెడల్ రబ్బర్ మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, గీతలన్నీ అరిగి నున్నగా అద్దంలా ఉంది, ఒక మూల ఇనుము కనిపిస్తోంది. "గింత తిరిగిన బండికి గిట్ల అరుగుతదా?" మీటర్ వెనక్కి తిప్పి ఉంటారని, స్టీరింగ్‌కి కొత్త కవర్ వేసింది అరుగుదల దాచడానికేనని అప్పుడర్థమైంది. సర్వీస్ రికార్డ్ అడిగితే బ్రోకర్ "పుస్తకం పోయింది సార్, కానీ బండి షోరూమ్ మెయింటెయిన్డ్" అన్నాడు, నేను నమ్మేశా. షోరూమ్ మెయింటెయిన్డ్ అయితే పుస్తకం పోతే ఏంటి, ఛాసిస్ నంబర్ కొడితే వాళ్ల సిస్టమ్‌లో ఏ తారీఖున ఎన్ని కిలోమీటర్లకి వచ్చిందో ఉంటుంది. ఓనర్‌ని వెంటబెట్టుకుని ఆ ప్రింట్ తీయించమనండి. తీయించను అన్నవాడి బండి వదిలేయండి, ఎంత మెరుస్తున్నా సరే.

ఇంక ఖర్చులు. టైర్లు నాలుగూ 31,000, ఈ పెద్ద చక్రాల టైర్లు హ్యాచ్‌బ్యాక్ వాటితో పోలిస్తే బాగా ఎక్కువ. మన కాలనీ స్పీడ్ బ్రేకర్లకి, మ్యాన్‌హోల్ గుంటలకి సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, స్ట్రట్ మౌంట్లు పోయాయి, పార్ట్స్ రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ మార్కెట్‌లో తెచ్చుకున్నా కూడా 16,500. క్లచ్ 36,000, ఇది కూడా ట్రాఫిక్ పుణ్యమే. బ్యాటరీ 6,800. ఇన్సూరెన్స్ 19,400. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండితో పాటు రాదండీ, అది అమ్మినాయనది, ఆ లెక్క నాకెవరూ చెప్పలేదు. బండి చేతులు మారిన పద్నాలుగు రోజుల్లో పాలసీ కూడా మన పేరు మీదకి మార్చమని అప్లికేషన్ పెట్టుకోవాలి, లేకపోతే ఎక్కడైనా గుద్దుకుంటే మన బండి రిపేర్ డబ్బులు అడగడానికి ఉండదు. డీపీఎఫ్‌తో కలిపి అన్నీ కూడితే 1,23,700. ఇందులో డీజిల్ లేదు, మామూలు సర్వీస్ లేదు.

డీజిల్ బండి చెడ్డదని నేను అనట్లేదు. మా బావ వారం వారం కరీంనగర్ పోయొస్తాడు, ఆయనదీ బీఎస్6 డీజిలే, ఇంతవరకు ఆ లైట్ వెలగలేదు. రోజుకి ముప్పై కిలోమీటర్ల లోపు, అదీ సిటీలోనే తిరిగేవాళ్లకి మాత్రం వద్దు. మామూలు పెట్రోల్ ఇంజిన్, టర్బో లేనిది, మాన్యువల్ గేర్లది చూసుకోండి, పికప్ కొంచెం తగ్గితే తగ్గనివ్వండి. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనంతట తనే మార్చుకునేది) పాతది కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త, డ్రై క్లచ్, అంటే క్లచ్ ఆయిల్‌లో మునగని రకమైతే ఆగి ఆగి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, టెస్ట్ డ్రైవ్ ఆదివారం ఖాళీ రోడ్డు మీద కాదు, సోమవారం సాయంత్రం ఆరింటికి కొండాపూర్‌లో చేయండి.

రేటు సంగతి కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన సెస్ కూడా పోయింది. కొత్తదే అంత తగ్గితే పాతదానికి ఇంకా అప్పటి రేటే చెప్పేవాడితో ఎందుకు బేరం ఆడకూడదు?

గ్రూపులో బండి పెట్టినాయనకి ఫోన్ చేశా. ఆఫీసు గచ్చిబౌలి, ఇంటి నుంచి తొమ్మిది కిలోమీటర్లట. ఇదంతా చెప్పి, కనీసం సర్వీస్ ప్రింట్ చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి అన్నా. నాలుగు రోజులైంది, బ్రోకర్ ఇంకా ప్రింట్ పంపలేదట, రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి వేరే పార్టీ రెడీగా ఉంది అంటున్నాడట.