స్టాపర్ పండేసరికి గేటు మూసేస్తున్నారు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో కుర్రాడు ఫుట్‌బాల్ మీద పడ్డాడంటే పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: "దీంతో రైల్వేలో ఉద్యోగం వస్తుందేట్రా?" అడగడంలో తప్పేమీ లేదు. కింది డివిజన్లలో ఒప్పందం సీజన్ వరకే ఉంటుంది. తర్వాత ఖేప్‌లే గతి. అంటే ఏదో ఊరి కప్పుకి వెళ్లి, మ్యాచ్‌కింత అని తీసుకుని ఆడి రావడం. మోకాలు పోతే అదీ లేదు. రైల్వే స్పోర్ట్స్ కోటాలో లెవెల్-1, అంటే అన్నిటికంటే కింది స్థాయి ఉద్యోగం దొరికినా మూలవేతనం 18,000 రూపాయలు, నెలనెలా వస్తుంది.

చిక్కల్లా వయసుతోనే. రైల్వే స్పోర్ట్స్ కోటాకి 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి, సడలింపు లేదు. వేగం మీద బతికే ఫార్వర్డ్‌కి ఇది మరీ అన్యాయం కాదు. డిఫెండర్ సంగతి వేరు. అందులోనూ గోల్ ముందు మధ్యలో కాపు కాసే స్టాపర్ ఆలస్యంగా పండుతాడు. ఎప్పుడు ముందుకు దూకి బంతి లాక్కోవాలి, ఎప్పుడు రెండడుగులు వెనక్కి తగ్గి ఆగాలి అన్నది చెబితే వచ్చేది కాదు, ఏళ్ల తరబడి దెబ్బలు తినాలి.

2023-24లో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఒడిశా ఎఫ్‌సీ క్లబ్బు ఆట చూసినవాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. వెనక నిలబడ్డ సెనెగల్ ఆటగాడు మొర్తాదా ఫాల్‌కి ఆ సీజన్ మధ్యలోనే 36 నిండాయి. పక్కన స్పెయిన్ నుంచి వచ్చిన కార్లోస్ డెల్గాడోకి 33. మైదానంలో ఉండనిచ్చేది నలుగురు విదేశీయుల్ని. అందులో రెండు చోట్లు ముప్పై దాటిన స్టాపర్లకే ఇచ్చారు. అనుభవం ఖరీదు క్లబ్బులకి బాగా తెలుసు. మనవాడికి అది వచ్చేదాకా ఆగడానికే ఎవరికీ ఓపిక లేదు.

ఇక ట్రయల్స్. ఇరవై రెండు మందిని పోగేసి రెండు జట్లు చేస్తారు. ఫార్వర్డ్ ఒక్క మంచి షాట్ కొడితే పేరు రాసుకుంటారు. స్టాపర్‌కి పక్కనున్నవాడి పేరు కూడా తెలియదు. అవతలి ఫార్వర్డ్‌ని ఆఫ్‌సైడ్‌లో ఇరికించాలంటే డిఫెండర్లంతా ఒకే వరసలో ముందుకు కదలాలి, అదే లైన్ పట్టడం. ఇతను లైన్ పట్టుకుని ముందుకొస్తే అంచున ఆడే సైడ్ బ్యాక్ వెనకే ఉండిపోతాడు, ఆఫ్‌సైడ్ అవ్వాల్సింది గోలవుతుంది. తిట్లు ఇతనికే. వీడియో పంపుకుందామా అంటే అదీ కుదరదు. సరైన చోట నిలబడినందువల్ల అసలు రాకుండా పోయిన పాస్‌ని ఫోన్‌లో ఏం చూపిస్తాడు?

భారత్‌కి ఆడిన స్టాపర్ సందేశ్ ఝింగన్ ఎదగలేదా అంటారు. ఎదిగాడు. యునైటెడ్ సిక్కింతో సెకండ్ డివిజన్‌లో మొదలెట్టి, 2014లో కేరళ బ్లాస్టర్స్‌కి వెళ్లి, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు. అయితే బ్లాస్టర్స్ ఆడే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పుట్టిందీ 2014లోనే, అప్పటికతనికి 21. కొత్త లీగుకి ఒక్కసారిగా బోలెడు మంది ఆటగాళ్లు కావాల్సి వచ్చింది. ఆ గాలివాటు ఏటా ఉండదు.

రైల్వే కోటా వయసు పరిమితి 28కి పెంచమని అడగొచ్చు గానీ, ఫుట్‌బాల్‌కి పెంచితే మిగతా ఆటలవాళ్లు ఊరుకుంటారా? నా లెక్కలో అంతకంటే తేలికైనది మ్యాచ్‌లు పెంచడం. రాష్ట్ర లీగ్ ఆట చాలావరకు కటక్, భువనేశ్వర్‌లలోనే. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కుర్రాడికి కటక్ కంటే శ్రీకాకుళమే దగ్గర. కటక్‌లో గది అద్దె, మెస్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? లీగ్‌లో ఒక అంచె బరంపురంలో, ఇంకొకటి రాయగడలో నడిపితే 23 ఏళ్ల స్టాపర్ పగలు కొట్లో పని చేసుకుంటూనే ఏడాదికి నాలుగు మంచి మ్యాచ్‌లు ఎక్కువ ఆడతాడు. ట్రయల్స్‌కి వెళ్లేసరికి లైన్ పట్టడం వచ్చి ఉంటుంది.