నీళ్లు ఉచితం, యూనిట్ కాదు

నది ఇంతవరకు ఎవరికీ బిల్లు పంపలేదు. నది తరఫున హిమాచల్ ప్రదేశ్ 2023లో జల విద్యుత్ కేంద్రాలను నీటి సెస్సు అడిగి చూసింది. మరుసటి ఏడాదే హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి జల విద్యుత్తు ధరలో నీటి వాటా దాదాపు సున్నా అని సగర్వంగా ప్రకటించవచ్చు. మిగిలినదల్లా అప్పు మీద వడ్డీ, తరుగుదల, నిర్వహణ ఖర్చు, పెట్టుబడి మీద రాబడి. జలాశయమున్న కేంద్రాలకు 2019-24 కాలానికి, ధరలు నిర్ణయించే కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 16.5 శాతం మూల రాబడి రాసిచ్చింది.

వాన కురవకపోతే? మండలి నిబంధనల్లో దానికీ ఏర్పాటుంది. పై పద్దులన్నీ కలిపి ఏటా రావలసిన స్థిర వ్యయంలో సగం విద్యుత్ కేంద్రం సిద్ధంగా ఉన్నందుకు, సగం తయారైన కరెంటుకు. నీరు తగ్గి ఉత్పత్తి పడిపోతే ఆ లోటును తర్వాత రాబట్టుకోవచ్చు. వరుణుడి మీద దావా వేయలేం కదా, వినియోగదారుడి చిరునామా అయితే బిల్లు మీదే ఉంటుంది.

ఇక విద్యుత్ కొనుగోలు ఒప్పందం. అది పవిత్రమైనది, ముఖ్యంగా దానివల్ల లాభపడుతున్న పక్షానికి. గుజరాత్‌లో ఒక చిన్న జల విద్యుత్ సంస్థ, ఖర్చులు పెరిగాయి, ధర మళ్లీ చూడమంది. కొనే ప్రభుత్వ సంస్థ, సంతకం చేశాక మాట మార్చకూడదంది. ధర నిర్ణయం 2003 విద్యుత్ చట్టం రాష్ట్ర నియంత్రణ మండలికి అప్పగించిన పని, ఒప్పందంలో ఉన్నా తిరిగి చూడవచ్చని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఒక సౌర విద్యుత్ కేసులో, చట్టంలో విడిగా రాయకపోయినా తనకుంటాయనే స్వాభావిక అధికారాల పేరుతో మండలి ఒప్పందాన్ని తిరగరాయడానికి వీల్లేదంది. రెండింటి మధ్య తేడాను పండితులు చక్కగా వివరిస్తారు. న్యాయవాదులకు అంత శ్రమ లేదు. రెండు తీర్పులూ రెండు జేబుల్లో ఉంటాయి, చెయ్యి ఎటు వెళ్లాలో కక్షిదారును బట్టి తేలుతుంది.

ఇంతలో కేంద్ర ప్రభుత్వం 2019 మార్చిలో ప్రాజెక్టు ఆయుష్షు 40 ఏళ్లకు పెంచి, తొలి ఏళ్లలో తక్కువ, పోనుపోను ఎక్కువగా ధర వేసుకోవచ్చంది. ఇంకా ఓటు హక్కు రాని వారికి ముందుగానే వాటా పంచిపెట్టడం దూరదృష్టి కాక మరేమిటి?

ఒప్పందంలో సంతకం లేనిది వినియోగదారుడికే. అందుకే అతని కోసం బహిరంగ విచారణ పెడతారు. టెండరు ప్రకటనల పక్కన చిన్న అక్షరాల్లో నోటీసు వస్తుంది. అది కంటపడ్డవాడు వందల పేజీల పిటిషన్ చదివి, అభ్యంతరం రాసి, వచ్చి మైకు ముందు నిలబడతాడు. మండలి సభ్యులు ఓపికగా వింటారు. ఉత్తర్వులో అతని మాటకు ఒక పేరా దక్కుతుంది, చివర ‘పరిగణనలోకి తీసుకున్నాం’ అని ఉంటుంది. ధరల పట్టిక తర్వాతి పేజీలో.