తెలిసి చేసిన సాయం

డచ్ వ్యాపారి వాన్ అన్రాట్ తన చేతులతో ఎవరినీ చంపలేదు. 1980లలో సద్దాం హుస్సేన్ సర్కారుకు వెయ్యి టన్నులకు పైగా థయోడైగ్లైకాల్ అమ్మాడు. బట్టల పరిశ్రమకే అనుకున్నానన్నాడు. మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు తయారయ్యేదీ ఆ రసాయనంతోనే. 1988 మార్చి 16న ఇరాక్‌లోని కుర్దుల పట్టణం హలబ్జాపై సద్దాం సేనలు కురిపించిన విషవాయువులకు సుమారు 5 వేల మంది కుర్దులు బలయ్యారు. యుద్ధ నేరాలకు తోడ్పడినందుకు 2005లో హేగ్ జిల్లా కోర్టు అతడికి 15 ఏళ్ల జైలుశిక్ష వేసింది. జాతి నిర్మూలనకు తోడ్పడ్డాడన్న అభియోగాన్ని మాత్రం కొట్టేసింది. సరుకు విషవాయువుకే పోతోందని అతడికి తెలుసని కోర్టు తేల్చింది. కుర్దులను ఒక జాతిగా తుడిచిపెట్టే సంకల్పం బాగ్దాద్‌కు ఉందని తెలుసనడానికి రుజువు లేదు. అప్పీల్లో శిక్ష 17 ఏళ్లకు పెరిగినా జాతి నిర్మూలన అభియోగం నిలవలేదు.

ఇంత సూక్ష్మంగా తేల్చాలంటే ముందు చట్టమంటూ ఉండాలి. జాతి నిర్మూలన నిరోధక ఒడంబడికను మన దేశం 1959లోనే ఆమోదించింది. నేటికీ దాన్ని శిక్షాస్మృతిలోకి తేలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018లో కాంగ్రెస్ మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం విధిస్తూ ఢిల్లీ హైకోర్టు ఈ లోపాన్నే ఎత్తిచూపి, వెంటనే సరిదిద్దాలని కోరింది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ మాటను పట్టించుకోలేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో చేరలేదు కదా అనడం సాకు మాత్రమే. అందులో సభ్యత్వం లేని అమెరికా 1988లోనే జాతి నిర్మూలనపై సొంత చట్టం చేసుకుంది.

ఉద్దేశం, ఎరుక అన్న తేడా మన కోర్టులకు కొత్త కాదు. చంపాలనే చంపాడా, చావొచ్చని తెలిసీ చేశాడా అన్నది సెషన్స్ కోర్టుల్లో నిత్యం నలిగే వాదనే. కొత్త నేరాలకు ఆ కొలత ఎలా వర్తిస్తుందో పార్లమెంటు రాయాలి. జాతి నిర్మూలనకు ఒక సమూహాన్ని నాశనం చేయాలన్న ప్రత్యేక ఉద్దేశం రుజువు కావాల్సిందే. దాన్ని సడలిస్తే ప్రతి అల్లరికీ రాజకీయ నాయకులు ఆ ముద్ర వేస్తారు. మానవాళిపై నేరాలకు అంత అక్కర్లేదు. పౌరులపై విస్తృతంగానో పద్ధతి ప్రకారమో దాడి జరుగుతోందని, తన చర్య అందులో భాగమని నిందితుడికి తెలిస్తే చాలు.

తోడ్పడినవారి విషయంలో 2021లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం చెప్పింది మనకు పనికొస్తుంది. సిరియాలో ఫ్యాక్టరీ నడుపుకోవడానికి ఐసిస్‌కు సొమ్ము ముట్టజెప్పిందన్న ఆరోపణలు అప్పట్లో ఎదుర్కొంటున్న లఫార్జ్ సిమెంట్ కంపెనీ కేసులో, హంతకుల ఉద్దేశాన్ని పంచుకోనక్కర్లేదు, నేరం తెలిసి సాయపడితే చాలంది. వ్యాపారం కోసమే చేశామన్నా చెల్లదంది. 1984 బాధితుల సాక్ష్యాల్లో సిక్కుల ఇళ్లను గుర్తించడానికి వాడిన ఓటరు జాబితాలు, తగలబెట్టడానికి కిరోసిన్ సరఫరా మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఆ జాబితా ఎందుకో తెలిసి అందించిన చేతినీ పట్టుకోగలిగేలా మన చట్టంలో ఆ నియమం ఉండాలి.