పతకం ఆమెది, ఫ్లెక్సీ మనది

మన క్రీడాకారులకు కృతజ్ఞత లేదని నేను అనను, అంత మాట అనడానికి నాకు నోరు రాదు. కానీ ఏ సన్మాన సభలో అయినా ఒకసారి వాళ్ల ముఖాలు చూడండి. వేదిక మీద పెద్దలంతా ఇస్త్రీ చొక్కాల్లో వెలిగిపోతుంటే, మధ్య కుర్చీలో కూర్చున్న పతక విజేత మాత్రం ఆవలింత ఆపుకుంటూ మాటిమాటికీ టైమ్ చూసుకుంటూ ఉంటుంది. తెల్లారితే ప్రాక్టీస్ ఉందట. ఊరంతా కలిసి గౌరవిస్తుంటే ఇంకా ప్రాక్టీస్ ఏమిటండీ, గెలిచేసింది కదా!

సన్మానం చేయడం ఎంత కష్టమో ఆడేవాళ్లకు తెలియదు. ఆటకైతే రూల్స్ ఉంటాయి, కొలతలుంటాయి. దీనికి అంతా అనుభవం మీద నెట్టుకురావాలి. మొదట ఫ్లెక్సీ. పై వరసలో రాష్ట్ర స్థాయి నాయకులు గుండ్రటి ఫొటోల్లో, నడుమ స్థానిక నాయకుడు నిలువెత్తున నమస్కారం పెడుతూ, కింద ‘శుభాకాంక్షలతో’ అని రెండు వరసల పాస్‌పోర్ట్ సైజు ముఖాలు. ఇవన్నీ సర్దాక మిగిలిన చోట, కుడి పక్క మూలన, క్రీడాకారిణి. ఆమె పేరులో ఒక అక్షరం ఎగిరిపోతే పోనివ్వండి, ఫొటో అయితే వేశాం. అథ్లెటిక్స్ అని చెబితే షాపులో కుర్రాడు వెనకాల డంబెల్స్ బొమ్మ పెట్టాడు, అదీ క్రీడే కదా.

తర్వాత శాలువా. కప్పేది ఒక్కరే, అంచు పట్టుకునేవాళ్లు ఆరుగురు. శాలువాను ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, మడత విప్పి, భుజాల మీద వేసి, కెమెరా క్లిక్‌మనేదాకా అలాగే పట్టుకుని నవ్వుతూ ఉండటం చూసినంత తేలిక కాదు. ఫొటోగ్రాఫర్ ‘సార్ ఇటు చూడండి, మేడమ్ మీరు కొంచెం పక్కకి’ అంటాడు. ఆ పక్కకి జరగాల్సిన మేడమే విజేత. ఫొటో అయిపోగానే ఆ శాలువా తీసి కుర్చీ వెనకాల పడేస్తారు, లేకపోతే తర్వాతివాళ్లు కప్పడానికి భుజాలు ఖాళీ ఉండవు. ఇక నాలుగడుగుల థర్మాకోల్ చెక్కు. అసలు చెక్కు ఫైల్లో ఉంటుంది, ఆ ఫైలు ఆఫీసు నుంచి ఆఫీసుకు నడక పోటీలో ఉంటుంది.

ప్రసంగాల సంగతి చెప్పనక్కర్లేదు. ‘కోడి రామమూర్తి పుట్టిన గడ్డ’ అని మొదలెట్టి, 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి ఎత్తిన 240 కేజీల మీదుగా వచ్చి, చివరికి ‘నేను కూడా చిన్నప్పుడు కబడ్డీ బాగా ఆడేవాణ్ణి’ దగ్గర ఆగకుండా దిగిన వక్తను ఇంతవరకూ నేను చూడలేదు. ఇంతమంది కబడ్డీ వీరులున్న నేల మీద ఆడటానికి స్థలం ఎందుకు కరువైందో పరిశోధించాల్సిన విషయమే.

గిట్టనివాళ్లు మనకు ఆటల మీద శ్రద్ధ లేదంటారు. ఎందుకు లేదు? 2016 ఆగస్టులో పీవీ సింధు రియోలో వెండి పతకం కోసం చెమటోడుస్తున్న రోజుల్లో మనవాళ్లు గూగుల్లో ఆమె కులం వెతికారు. అందులో రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయని అప్పట్లో పత్రికలు కూడా రాశాయి. దాన్ని చాలామంది తప్పుపట్టారు గానీ, నిదానంగా ఆలోచించండి: ఏ సంఘం వాళ్లు హాల్ బుక్ చేయాలో తేలకుండా సన్మానం ఎలా జరుగుతుంది? ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. తెలంగాణ అయిదు కోట్లు, వెయ్యి గజాల స్థలం అంటే, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు, అమరావతిలో వెయ్యి గజాలు, పైన గ్రూప్-1 ఉద్యోగం అంది. మా అమ్మాయంటే మా అమ్మాయని రెండు వైపులా లాక్కున్నారు. ఆ డబ్బు ఆమె కష్టానికి దక్కాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. పతకం రాకముందు, ఏ ఊళ్లోనో పదేళ్ల పిల్ల చిరిగిన బూట్లతో పరుగెత్తేటప్పుడు మాత్రం ఏ ప్రభుత్వమూ ఇంకో ప్రభుత్వంతో పోటీ పడి ‘బూట్లు మేం కొంటాం, మేం కొంటాం’ అన్నట్టు చరిత్రలో లేదు. ఎలా ఉంటుంది? బూట్లు భుజాన కప్పి ఫొటో తీయలేం.

అసలు తమాషా గ్రౌండ్‌లో చూడాలి. పరుగుల రాణికి సన్మానమంటే హైస్కూల్ గ్రౌండ్‌లోనే పెట్టాలి, వేరే చోటు సరిపోదు. షామియానా గుంజల కోసం ట్రాక్ పొడవునా గోతులు తవ్వుతారు, లాంగ్‌జంప్ పిట్‌లో జనరేటర్ దింపుతారు, గజమాల మోసుకొచ్చిన క్రేన్ మూల మలుపులో దిగబడుతుంది. పది గంటల సభకు ముఖ్య అతిథి ఒంటిగంటకు వస్తాడు కాబట్టి పిల్లల్ని తొమ్మిదింటికే ఎండలో వరసల్లో కూర్చోబెడతారు. వాళ్లు లేవకుండా విజిల్ పట్టుకుని తిరిగే మనిషి పీఈటీ సారు. వేదిక మీద మెరుస్తున్న అమ్మాయి పరుగును మొట్టమొదట కనిపెట్టింది ఆయనే. ఆయన పేరు మైకులో రెండుసార్లు వినిపిస్తుంది, రెండుసార్లూ మంచినీళ్ల కోసమే. సభ అయ్యాక ఆ గోతులు పూడ్చేదీ ఆయనే, పిల్లల చేత, డ్రిల్లు పీరియడ్‌లో. అదీ ఆ రోజు లెక్కల సారు ఆ పీరియడ్ లాక్కోకపోతే.

వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి సంగతే తీసుకోండి. కూలి చేసుకునే ఇల్లు. చిన్నప్పుడు ఆ పిల్లను చూసి వెక్కిరించేవారని, అనాథాశ్రమంలో వదిలేయమన్నవాళ్లు కూడా ఉన్నారని తల్లిదండ్రులే చెప్పుకున్నారు. స్కూల్లో పీఈటీ సారు కంటపడింది కాబట్టి సరిపోయింది. 2024లో కోబెలో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో, 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆ వెంటనే కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం. అంటే మన వ్యవస్థ బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట, దానికి ముందో ప్రపంచ రికార్డు కావాలి, అంతే.

ఇక సమాజ సేవ చేసే క్రీడాకారులని ఒక రకం ఉన్నారు, వీళ్లతో మరీ ఇబ్బంది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. హాయిగా శాలువాలు కప్పించుకోకుండా, కూల్‌డ్రింక్ ప్రకటన చేయనని కూర్చున్నారు. తర్వాత ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు ఇచ్చింది. గచ్చిబౌలిలో అయిదెకరాలుంటే ఏం చేయాలో హైదరాబాద్‌లో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఈయన కోర్టులు వేశారు! పైగా అందుకు డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. ఆ కోర్టుల్లో ఆడినవాళ్లు 2012లో ఒకటి, 2016లో ఒకటి ఒలింపిక్ పతకాలు తెచ్చేసరికి సన్మాన కమిటీల మీద ఎంత ఒత్తిడి పడిందో ఎవరైనా పట్టించుకున్నారా?

ఇలాంటివాళ్లను వేదిక ఎక్కిస్తే వచ్చే చిక్కు ఇంకోటుంది. రెండు మాటలు మాట్లాడమని మైకిస్తే ధన్యవాదాలు చెప్పి కూర్చోరు. హాస్టల్లో పిల్లలకు గుడ్లు సరిగా రావడం లేదని, గ్రౌండ్‌కు ప్రహరీ కావాలని, ఖాళీగా ఉన్న కోచ్ పోస్టులు నింపమని, అందరి ముందూ అడుగుతారు. ముఖ్య అతిథి ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే అనుభవమున్న కమిటీలు విజేతకు ‘టైమ్ లేదు’ అని ముందే చెప్పి, మెమెంటో చేతికిచ్చి, జనగణమన పెట్టేస్తాయి.

వచ్చే నెల మా దగ్గర ఇంకో సభ ఉంది. ముఖ్య అతిథి ఖరారయ్యారు, టెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చేశారు, ఫ్లెక్సీ కూడా ప్రింటుకు వెళ్లింది. ఎవరికి సన్మానమో ఇంకా అనుకోలేదట, మూలన చోటు మాత్రం వదిలారు.