కారన్‌వాలిస్ కథ యార్క్‌టౌన్‌తో అయిపోలేదు

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కి తీసుకెళ్ళాం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781 అక్టోబర్ 19న ఏడు వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు ఆయుధాలు కింద పెట్టిన మైదానం అక్కడే ఉంది. వాళ్ళ సేనాని లార్డ్ కారన్‌వాలిస్ మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి ఆ రోజు బయటికే రాలేదు. కత్తి అప్పగించడానికి తన కింద పనిచేసే ఓహారాని పంపాడు. ఓహారా దాన్ని ఫ్రెంచి సేనాని రోషాంబోకి ఇవ్వబోతే ఆయన వాషింగ్టన్ వైపు చూపించాడు. వాషింగ్టనేమో తన కింది అధికారి బెంజమిన్ లింకన్‌ వైపు చూపించాడు. పిల్లలకి ఈ కత్తి కథ భలే నచ్చుతుంది. బడిలో పాఠం కూడా అక్కడితో ఆగిపోతుంది.

ఇంటికొస్తుంటే కారు వెనక సీట్లోంచి అమ్మాయి అడిగింది, "నాన్నా, తర్వాత ఆయనేమయ్యాడు?"

"మన దగ్గరికొచ్చాడమ్మా" అన్నాను.

ఈ మిగతా సగం కథని ఇక్కడ అమెరికాలోని తెలుగు ఇళ్ళలో పిల్లలకి మనమే చెప్పాలి. వాళ్ళ బడిలో ఎవరూ చెప్పరు. మనం చెప్పకపోతే, మన ముత్తాతల బతుకుల్ని శాసించిన మనిషి వాళ్ళకి యుద్ధంలో ఓడిపోయిన ఎర్రకోటు సేనానిగానే మిగిలిపోతాడు.

ఆయన పుట్టుక దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. చార్లెస్ కారన్‌వాలిస్ 1738 డిసెంబర్ 31న లండన్‌లో, గ్రోవనర్ స్క్వేర్‌లో పుట్టాడు. వాళ్ళది సఫోక్ ప్రాంతంలో పెద్ద భూస్వాముల వంశం. పూర్వీకుల్లో ఒకాయన 1378లోనే లండన్ షెరీఫ్. మరొకాయన మేరీ రాణి కొలువులో పెద్ద అధికారి. రాజుకీ పార్లమెంటుకీ మధ్య యుద్ధంలో రాజు పక్షాన నిలబడినందుకు 1661లో ఇంటికి బారన్ బిరుదు వచ్చింది. తండ్రి కాలానికి అది ఎర్ల్ అయింది. తల్లి ఎలిజబెత్ టౌన్‌షెండ్, ప్రధానిగా చేసిన రాబర్ట్ వాల్‌పోల్‌కి వరసకి మేనకోడలు. ఒక బాబాయి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్. ఆయన కవల సోదరుడు ఎడ్వర్డ్, కెనడాలో హాలిఫాక్స్ నగరానికి పునాది వేసినవాడు. తమ్ముడు విలియం నౌకాదళంలో అడ్మిరల్. చదువు ఈటన్‌లో. 1762లో తండ్రి పోగానే, ఇరవై మూడేళ్ళ వయసులో, భూములూ బిరుదూ ప్రభువుల సభలో కుర్చీ అన్నీ ఆయనవయ్యాయి. అదీ వాళ్ళ పద్ధతి. ఆస్తి ముక్కలు కాదు, పెద్దకొడుక్కి పోతుంది, అలా తరతరాలూ నిలుస్తుంది.

మనిషి చెడ్డవాడని నేను అనను. అమెరికా వలసల మీద తమకి పూర్తి అధికారం ఉందని 1766లో పార్లమెంటు చట్టం చేస్తుంటే, ప్రభువుల సభలో వ్యతిరేకంగా ఓటేసిన ఐదుగురిలో ఈయన ఒకడు. తర్వాత అదే వలసల మీదికి సైన్యంతో వచ్చాడు. యార్క్‌టౌన్‌లో బందీ అయ్యాక ఈయనకి బదులుగా విడుదలైంది హెన్రీ లారెన్స్ అనే అమెరికన్ నాయకుడు. లారెన్స్‌ని బంధించింది లండన్ టవర్‌లో. ఆ టవర్‌కి కాన్‌స్టేబుల్, అంటే అధిపతి, పదవిలో ఉన్నది కారన్‌వాలిసే! ఓడిపోయి వెళ్ళినా ఆయనకి జరిగిన నష్టం ఏమీ లేదు. అలాంటి వంశంలో పుట్టినవాణ్ణి ఒక్క ఓటమి కిందికి లాగలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు.

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల లంచాల మీద నిజంగానే కొరడా ఝళిపించాడు. పెద్ద ఉద్యోగాల్లోంచి భారతీయుల్ని తీసేసిందీ ఆయనే. 1792లో టిప్పు సుల్తాన్‌ని ఓడించి అతని ఇద్దరు కొడుకుల్ని జామీనుగా పట్టుకున్నాడు. చెన్నైలో ఫోర్ట్ మ్యూజియంకి వెళ్ళినవాళ్ళు అక్కడి కారన్‌వాలిస్ విగ్రహాన్ని చూసే ఉంటారు. తల ఎత్తి ముఖం చూసి వచ్చేస్తాం. కింద పీఠం మీద చెక్కిన బొమ్మ దగ్గర ఆగాలి, ఆ పసివాళ్ళని అప్పగిస్తున్న దృశ్యం అక్కడుంది.

మనకి తగిలిన అసలు దెబ్బ 1793 మార్చి 22న ప్రకటించిన శాశ్వత శిస్తు పద్ధతి. జమీందారే భూమికి యజమాని. అతను కంపెనీకి కట్టే మొత్తం ఎప్పటికీ మారదు. గడువులో కట్టకపోతే జమీ వేలానికి వెళ్తుంది. ఈ ఆలోచన కారన్‌వాలిస్ బుర్రలో పుట్టింది కాదు, కంపెనీ కౌన్సిల్లో ఫిలిప్ ఫ్రాన్సిస్ 1776లోనే చెప్పాడు. కంపెనీ అధికారి జాన్ షోర్ ముందు పదేళ్ళకి పెట్టి చూద్దామన్నాడు. శాశ్వతంగానే ఉండాలని పట్టుబట్టింది కారన్‌వాలిస్. కంపెనీ నేలలో మూడో వంతు అడవిపాలైందనీ, శాశ్వత హక్కు ఇస్తే తప్ప ఎవరూ దాన్ని బాగుచెయ్యరనీ ఆయన వాదన. సఫోక్‌లో తన ఇంటి అనుభవం అది. భూమి అంటే ఆయనకి తెలిసినదల్లా వారసత్వంగా వచ్చే ఎస్టేటు. పొలంలో కాలు పెట్టేవాడికి కూడా హక్కు ఉంటుందన్నది ఆయన పెరిగిన ఇంట్లో ఎవరూ నేర్పి ఉండరు.

1802లో ఆ పద్ధతిని ఉత్తర సర్కారులకి, అంటే మన కోస్తా జిల్లాలకి, తెచ్చారు. పాత జమీందారులు యజమానులయ్యారు. జమీందారులు లేని హవేలీ భూముల్ని ముఠాలుగా, అంటే చిన్న ఎస్టేట్లుగా, కోసి వేలం వేశారు. జమీందారు కంపెనీకి కట్టే పేష్కష్ అనే శిస్తు రాతిమీద గీత. రైతు జమీందారుకి కట్టేదానికి అలాంటి గీత లేదు.

పక్కనే రాయలసీమ వేరే దారిలో వెళ్ళింది. 1800లో నిజాం ఇచ్చేసిన దత్తమండలాలకి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, గ్లాస్గో వర్తకుడి కొడుకు. ఆయన శిస్తు నేరుగా రైతు పేరు మీద రాశాడు. రైత్వారీ అనే ఈ పద్ధతిలోనూ శిస్తు భారం తక్కువేం కాదు, కరువుల్లో జనం చితికిపోయారు. అయినా కాగితం మీద రైతు పేరు ఉంది. ఎస్టేటు వారసుడికి జమీందారు కనిపించాడు, వర్తకుడి కొడుక్కి రైతు కనిపించాడు అని నేనంటే చరిత్రకారులు ఇంకా చాలా కారణాలు చెప్తారు. చెప్పనివ్వండి. నాకు మాత్రం ఇదే పెద్ద కారణంగా కనిపిస్తుంది.

మాది శ్రీకాకుళం వైపు జమీందారీ ఊరు. తద్దినం పెట్టేటప్పుడు పంతులుగారు మూడు తరాల పేర్లు చెప్పమంటే మా నాన్న మూడో పేరు దగ్గర ఆగిపోయేవాడు. కారన్‌వాలిస్‌కి నాలుగు వందల ఏళ్ళ వంశవృక్షం ఉంది, మాకు మూడో తరం కూడా పూర్తిగా లేదు. ఆయన వంశాన్ని నిలబెట్టింది భూమి. దస్తావేజులూ వీలునామాలూ సమాధుల మీద పేర్లూ అన్నీ భూమితోనే వస్తాయి. భూమి హక్కు లేనివాడి పేరు ఎవరు రాస్తారు?

ఆ హక్కు ఊరికే రాలేదు. 1938లో ప్రకాశం పంతులుగారి కమిటీ భూమికి యజమాని రైతేనని రాసింది. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల గొడవకి పోలీసులు వస్తే ఎదురు నిలబడ్డ గుణ్ణమ్మ, నిండు గర్భిణి, తుపాకీ గుళ్ళకి చనిపోయింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. కారన్‌వాలిస్ 1805లోనే ఘాజీపూర్‌లో చనిపోయాడు. ఆయన కొడుక్కి ఐదుగురూ ఆడపిల్లలే కావడంతో ఎర్ల్‌కి పైమెట్టయిన మార్క్విస్ బిరుదు 1823లో ఆగిపోయింది. ఎర్ల్ బిరుదు కూడా 1852లో అంతరించింది. వంశం అంతరించాక కూడా ఆయన పద్ధతి మన ఊళ్ళలో దాదాపు వందేళ్ళు బతికింది.

హాలిఫాక్స్‌లో ఆ బాబాయి ఎడ్వర్డ్ విగ్రహాన్ని 2018లో తీసేశారు. అక్కడి ఆదివాసులైన మిక్‌మా జనం తలలకి ఆయన వెల కట్టాడని వాళ్ళ వారసులు ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చారు కాబట్టే ఆ పని జరిగింది. మనం విగ్రహాలు తియ్యమని అడగక్కర్లేదు. మన ఆదివారం తెలుగు బడిలో ఈ పాఠానికి ఒక్క గంట ఇద్దాం. ఇండియా వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టెల్లో ఉన్న పాత దాఖలాలు ఫొటో తీసి తెద్దాం.

మా ఇంట్లో ఒకటే మిగిలింది. శిస్తు లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరం 1351 నాటిది, అంటే 1941 ప్రాంతం. మడతల దగ్గర చిరిగిపోయిన పసుపురంగు కాగితం, కచేరీ ముద్ర సగం చెరిగిపోయింది. అందులో మా తాత పేరు ఒక అక్షరం తప్పు పడింది. మా అమ్మాయి చాలాసేపు దాన్ని అలాగే చూసి, తన నోట్‌బుక్‌లో ఆ పేరు ఒత్తులతో సహా సరిగ్గా రాసుకుంది.