మిగిలిన మూడు రేకులు

పాలిటెక్నిక్‌లో 28 ఏళ్లు ఇంజన్ల పాఠాలు చెప్పినవాడికి ఇంజన్ విప్పి బిగించడం రాదా? మా బావగారు సరిగ్గా ఇదే అడిగారు. రాదని ఒక్క మాట అనేసి ఉంటే పోయేది.

బావగారిది గౌతమి ఒడ్డున లంక గ్రామం. కొబ్బరికాయలు, అరటిగెలలు అవతలి రేవుకి చేర్చడానికి ఆయనకో పాత చెక్క పడవుంది. దాని కడుపులో 5 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. అక్కణ్ణుంచి నీళ్లలోని పంకా దాకా తిన్నగా ఒకటే ఇనప కడ్డీ. గేర్లు లేవు, క్లచ్చు లేదు. ఇంజన్ తిరిగితే పడవ ముందుకెళ్తుంది, ఆగితే ఆగుతుంది. ఇంతకంటే సుఖమైన యంత్రం లోకంలో ఉండదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు ఆ పడవ మూడు రోజులు నీళ్లలో మునిగే ఉంది. వరద తీశాక ఇంజన్‌లోంచి చెంబెడు బురద వచ్చింది. తర్వాత రెండేళ్లు అది గోనెసంచి కప్పుకుని కొట్టంలో పడుకుంది. మేస్త్రీ వచ్చి చూసి, మొత్తం దింపాలండి, 18 వేలవుద్దండి అన్నాడు.

"ఇంట్లో మాస్టారుండగా మేస్త్రీ దేనికి?" అన్నారు బావగారు, నా వైపు చూసి.

ఆ ఇంజన్ నాకు కొత్తదేం కాదు. మా ల్యాబ్‌లోనూ అలాంటిదే, కిర్లోస్కర్ ఏవీ1. సిలిండర్ అడ్డం 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110, నిమిషానికి 1500 చుట్లు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బ్రేక్ డ్రమ్ముకి తాడు కట్టి, గాజు గొట్టంలో 10 సీసీల డీజిల్ ఎన్ని సెకన్లలో తాగుతుందో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కగట్టేవాణ్ణి. అయితే ఇక్కడ ఓ చిన్న విషయం ఒప్పుకోవాలి. ఆ 28 ఏళ్లలోనూ ఇంజన్ స్టార్ట్ చేసింది ల్యాబ్ అటెండరు, రిపేరు చేసింది అటెండరు, ఆపింది కూడా అటెండరే. నేను పట్టుకున్నది స్టాప్‌వాచ్ ఒక్కటే.

ఈ సంగతి బావగారికి చెప్పలేదు. అక్క ఎదురుగా అసలే చెప్పలేదు.

అరుగు మీద వారం రోజుల పాత పేపర్లు పరిచి మొదలుపెట్టాను. విప్పడం బ్రహ్మాండంగా సాగింది. విప్పడానికి చదువుతో పనిలేదని నాకు ఆ రోజే తెలిసింది. తీసిన ప్రతి ముక్క పక్కనా సుద్దముక్కతో నంబరేశాను. ఒకటో నంబరు, రెండో నంబరు... అలా 64 దాకా. సాయంత్రం చెదురుజల్లు పడి నంబర్లన్నీ చెరిగిపోయాయి.

పిస్టన్ సిలిండర్‌లోంచి రానంది. పైనుంచి డీజిల్ పోసి నాలుగు రోజులు నానబెట్టాను. ఐదోరోజు కొబ్బరి దుంగ ముక్క అడ్డం పెట్టి సుత్తితో కొడితే, మొండి అల్లుడు బయల్దేరినట్టు, అరంగుళం అరంగుళం చొప్పున బయటికొచ్చింది. బేరింగులు డీజిల్‌లో నానబెట్టడానికి గిన్నె కావాలంటే అక్క ఇవ్వనంది. ఆమె గుడికెళ్లినప్పుడు ఇడ్లీపాత్ర తీసుకున్నాను. ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఇడ్లీలు ముట్టలేదు. బావగారు మాత్రం తిన్నారు. ఆయనకి ఇంజన్ మీద అంత ఆశ.

కొత్త రింగులు తెచ్చాక అసలు పరీక్ష మొదలైంది. పిస్టన్ రింగు చూడ్డానికి ఇనుమే కానీ గాజుగాజులాంటిది. రెండు బొటనవేళ్లతో కొంచెం విడదీసి పిస్టన్ గాడిలోకి జారవిడవాలి. ఎంత కొంచెం అన్నది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. నేను విడదీశాను. టిక్ మంది. రెండోది ఇంకా జాగ్రత్తగా విడదీశాను. అదీ టిక్కే. మళ్లీ కోటిపల్లి రేవు దాటి, కాకినాడ వెళ్లి ఇంకో సెట్టు తెచ్చాం. ఈసారి పాలేరు కుర్రాడు నా చేతిలోంచి పిస్టన్ తీసుకుని, "ఉండండి సారూ" అని నాలుగు రింగులూ చిటికెలో తొడిగేశాడు. పదిహేడేళ్లు లేవు వాడికి. నేను వాడికి థర్మోడైనమిక్స్ రెండో సూత్రం చెప్పి మనశ్శాంతి తెచ్చుకున్నాను.

పదోరోజుకి ఇంజన్ మళ్లీ ఇంజన్‌లా కనిపించింది. కాకపోతే పేపరు మీద మూడు రేకులు మిగిలిపోయాయి. బ్లేడంత పలచగా, మధ్యలో పెద్ద కన్నం, అంచున రెండు చిన్న కన్నాలు. ఎక్కడివో ఎంత ఆలోచించినా తట్టలేదు. కొత్త గాస్కెట్లతో పాటు అట్టపెట్టెలో వచ్చిన ప్యాకింగ్ అయ్యుంటుందని తేల్చేశాను. మూడు రేకులకీ నూనె మరకలున్నాయన్న విషయాన్ని పట్టించుకోలేదు.

ప్రారంభోత్సవానికి ఊళ్లో సగం మంది రేవులోకి వచ్చారు. నేను రమ్మనలేదు. బావగారు చాటింపు వేయించినంత పని చేశారు. పడవ ముక్కు ఏటి వైపు, వెనకభాగం రేవు మెట్ల వైపు. మెట్ల మీద ఆడవాళ్లు, పక్కన నీళ్లలో నాలుగు గేదెలు. అక్క ఇంజన్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిటారుగా ఉన్న సైలెన్సర్ గొట్టానికి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టింది. కోనసీమలో కొబ్బరికాయకి లోటేముంది, ఇంకో రెండు కొట్టమన్నాను. ఎందుకో లోపల్లోపల టెన్షన్‌గానే ఉంది.

హ్యాండిల్ పట్టుకున్నాను. అప్పుడెప్పుడో అటెండరు చెప్పిన మాట గుర్తొచ్చింది: బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పకండి సార్, నాలుగు వేళ్ల పక్కనే ఉంచండి. అలాగే ఉంచాను. ఈ వ్యాసం టైపు చేయడానికి నాకో బొటనవేలు మిగిలిందంటే ఆయన చలవే. గాలి వదిలే లివర్ ఎత్తిపెట్టి గిరగిరా తిప్పాను, లివర్ దించాను.

ఢాం.

హ్యాండిల్ నా చేతుల్లోంచి లాక్కుని, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిరిగి, గాల్లోకి లేచి గోదాట్లో పడింది. ఇంజన్ అందుకుంది. డబ్ డబ్ డబ్. ఒడ్డున చప్పట్లు, ఈలలు. పడవ కదిలింది. మెట్ల వైపు.

"మాస్టారూ, వెనక్కెళ్తోంది!" అని అరిచారు బావగారు, చుక్కాని పట్టుకుని.

ఆడవాళ్లు హారతి పళ్లెంతో సహా పై మెట్టుకి పరుగెత్తారు. గేదెలు నా వైపు అసహ్యంగా చూసి లేచెళ్లిపోయాయి. ఇంజన్ ఆపే తీగ లాగాను. తీగ మొత్తం ఊడి చేతికొచ్చింది. దాన్ని బిగించింది నేనే కాబట్టి ఆశ్చర్యం కలగలేదు. అప్పుడు శాస్త్రం గుర్తొచ్చింది. గాలి అందకపోతే ఏ ఇంజనైనా ఆగాల్సిందే. బావగారి భుజం మీది తువ్వాలు లాగి, ఉండచుట్టి, ఎయిర్ ఫిల్టర్ మూతికి గట్టిగా అదిమాను. గాలి పీల్చాల్సిన ఆ మూతి నా మొహం మీదికి గుప్పున నల్లటి పొగ ఊదింది. తువ్వాలు ఎగిరి బావగారి నెత్తిన పడింది.

డీజిల్ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913లో ఓ రాత్రి ఓడ మీంచి మాయమైపోయాడు. ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదంటారు. ఆ క్షణంలో నాకు ఒక కారణం తోచింది.

పడవ వెనకభాగం రేవు బురదలోకి ఎక్కేసింది. పంకా బురద చిమ్ముతోంది. అప్పుడు కుర్రాడు అరిచాడు: "సారూ, గొట్టం పూలు తినేత్తందండి!" నిజమే. సైలెన్సర్ మెళ్లోని బంతిపూలు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. వాడు ఇంకేం ఆలోచించలేదు. అక్క కొట్టిన కాయ తాలూకు డొక్క అందుకుని సైలెన్సర్ మూతి మీద బోర్లించి, అరచేత్తో అదిమాడు. ఇంజన్ రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది.

మర్నాడు మేస్త్రీని పిలిచాం. ఆయన ఏమీ అడక్కుండా డీజిల్ పంపు విప్పి, కింద వేలుపెట్టి తడిమాడు.

"ఇక్కడి షిమ్ములేవండీ?"

గుండె జారింది. ఆ పంపు కింద షిమ్ము రేకులు ఎన్ని వేస్తే డీజిల్ అంత ఆలస్యంగా పడుతుంది, తీసేస్తే ముందుగా పడుతుంది. పిస్టన్ పైకి చేరడానికి 23 డిగ్రీల ముందు పడాలని ఎన్ని బ్యాచ్‌లకి బోర్డు మీద రాశానో లెక్కలేదు. మూడు రేకులూ లేకపోయేసరికి అది మరీ ముందే పడి, ముందే అంటుకుని, పైకొస్తున్న పిస్టన్‌ని వచ్చిన దారినే వెనక్కి తన్నింది. ఇంజన్ తిరగబడితే పీల్చే మూతి ఊదుతుంది, ఊదే గొట్టం పీలుస్తుంది. తిన్నగా కడ్డీ కట్టిన పడవ వెనక్కే పోతుంది. షిమ్ము బొమ్మ కూడా బోర్డు మీద వేసేవాణ్ణి. పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా, ఒక గీత.

మొదటి రేకు నా హీట్ ఇంజన్స్ పుస్తకంలో దొరికింది. పేజీ గుర్తుకి పెట్టుకున్నాను. ఏ పేజీ అని బావగారు అడిగారు. ఇంజెక్షన్ టైమింగ్ అధ్యాయం. రెండోది ఆయన మంచం కోడు కింద, ఊగకుండా నాలుగు మడతలు పెట్టి. దాన్ని తిరిగి చాపు చేయడం కుదరదని మేస్త్రీ తన సంచిలోంచి కొత్తది తీశాడు.

మూడోదాని కోసం ఇల్లంతా వెతికాం. చివరికి అక్క వంటింట్లోంచి పట్టుకొచ్చింది, చివర్న మాడిన దోసె ముక్కతో సహా.

"పెనం గీకడానికి ఎంత బాగుందిరా ఇది! మేకుకి తగిలించుకోడానికి కన్నం కూడా ఉంది."

మేస్త్రీ దాన్ని లుంగీ అంచుతో తుడిచి, వెలుగులో పెట్టి చూసి, మిగతా వాటితో కలిపి పంపు కింద వేశాడు. గోదాట్లో పడిన హ్యాండిల్ బదులు తనదే పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. పడవ బుద్ధిగా ముందుకి, అవతలి ఒడ్డు వైపు సాగిపోయింది. పన్నెండు వందలు తీసుకున్నాడు.

"మరి నా పెనం?" అంది అక్క.

మేస్త్రీ సంచిలో వెతికి, అరిగిపోయిన పాత షిమ్ము ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.